మతుకుమల్లి వెంకట సుబ్బారావు

ఒక చిన్న ప్రశ్న అడిగినవారి జీవితకాలాన్ని దాటి నిలవడం గణితశాస్త్రంలో అరుదు కాదు. అట్టి ప్రశ్నను లోకానికి అందించిన తెలుగువారు మతుకుమల్లి వెంకట సుబ్బారావు.

సుబ్బారావు 1921 మే 4న నాటి గుంటూరు జిల్లాలోని యాజలి గ్రామంలో జన్మించారు. 1941లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉన్నత పట్టా పొందారు. ప్రసిద్ధ గణితవేత్త రామస్వామి వైద్యనాథస్వామి పర్యవేక్షణలో పరిశోధన చేసి డాక్టరేటు సాధించారు. ప్రెసిడెన్సీ కళాశాలలోను, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోను, అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంలోను పనిచేసి, 1963లో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో చేరారు. ఉద్యోగ జీవితమంతా అక్కడే గడిపారు.

6ను నిశ్శేషంగా భాగించే 1, 2, 3లను కూడితే తిరిగి 6 వస్తుంది. ఇట్టివాటిని ప్రాచీన గ్రీకులు పరిపూర్ణ సంఖ్యలని గౌరవించారు. గురువైన వైద్యనాథస్వామి 1931లోనే కారణాంకాలలో ఒక ప్రత్యేక వర్గాన్ని గుర్తించారు. కారణాంకానికీ, దానితో భాగించగా వచ్చే భాగఫలానికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండరాదన్నది అందలి నియమం. వీటికే యూనిటరీ కారణాంకాలని పేరు. 60ని 4తో భాగిస్తే 15 వస్తుంది. ఆ రెండింటికీ ఉమ్మడి కారణాంకం లేదు కనుక 4 గ్రాహ్యం. 2తో భాగిస్తే 30 వస్తుంది. అది కూడా సరి సంఖ్యయే కనుక 2 త్యాజ్యం. ఇట్లు మిగిలిన 1, 3, 4, 5, 12, 15, 20ల మొత్తం సరిగ్గా 60.

ఇట్టి యూనిటరీ పరిపూర్ణ సంఖ్యలను గురించి సుబ్బారావు, వారెన్ అనే సహచరునితో కలిసి 1966లో వ్యాసం ప్రకటించారు. 6, 60, 90, 87,360 అనే నాలుగింటిని అందు చూపారు. బేసి సంఖ్యలలో ఇట్టివి ఉండవని నిరూపించారు.

ఐదవ సంఖ్యను చార్లెస్ వాల్ కనుగొని, 1975లో వెలువడిన వ్యాసంలో వివరించారు. అది 1,46,36,19,46,18,64,58,56,25,60,000. ఇరవైనాలుగు అంకెల ఈ సంఖ్యను పన్నెండు వేర్వేరు ప్రధాన సంఖ్యలు భాగిస్తాయి. దానిని మినహాయించగా మిగిలే యూనిటరీ కారణాంకాలు 4,095. అన్నింటినీ కూడితే ఒక్క అంకె తేడా లేకుండా ఆ సంఖ్యయే వస్తుంది.

ఇట్టి సంఖ్యలు పరిమితమేనని సుబ్బారావు భావించారు. ఆ విషయం తేల్చినవారికి కార్లిట్జ్, ఏర్డీష్ అనే గణితవేత్తలతో కలిసి పది డాలర్ల బహుమానం ప్రకటించారు. కొత్త సంఖ్య తెచ్చిన వారికి తాను పది సెంట్లు ఇస్తానన్నారు. బహుమానం స్వల్పమే, ప్రశ్న మాత్రం అనల్పం.

సుబ్బారావు 2006 ఫిబ్రవరి 15న కన్నుమూశారు. ఆరవ సంఖ్య నేటికీ లభించలేదు. లేదని నిరూపించినవారూ లేరు. గురువు చూపిన భావాన్ని శిష్యుడు ప్రశ్నగా మలిచారు. దానికి సమాధానం వెదకడం రాబోయే తరాల వంతు.