విప్పి చూసి నేర్చుకున్న జి.డి. నాయుడు



పాతకాలపు రేసు కారు నమూనాను విడిభాగాలుగా పెట్టెలో పెట్టి అమ్మడం మీలో చాలామంది చూసే ఉంటారు. చక్రాలు, ఇంజను, సీటు, స్టీరింగు దేనికదే విడిగా ఉంటుంది. పెట్టె మీద 1:24 అని ఉంటే, నమూనా పొడవు అసలు కారులో 24వ వంతు అని అర్థం. కాగితంలోని బొమ్మలు చూసుకుంటూ ఒక్కొక్కటే అతికించాలి. అలాంటి పెట్టెలు తెలియని కాలంలో నిజమైన మోటారు సైకిలునే విప్పి, మళ్లీ బిగించి, యంత్రవిద్య నేర్చుకున్న ఒక తెలుగువాడి జీవితాన్ని ఈసారి మీకు పరిచయం చేస్తున్నాము.

ఆయన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో పుట్టారు. తెలీబంధాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలలాగే వారిది కూడా ఇంట్లో తెలుగు, వీధిలో మరో భాష. చిన్నతనంలో బడి ఆయనకు రుచించలేదు. చదువు ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయింది.

ఒకనాడు ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలు ఆయన కంటబడింది. ఎద్దులు, గుర్రాలు లేకుండా బండి ఎలా కదులుతోంది? ఆ ప్రశ్న ఆయనను నిద్రపోనివ్వలేదు. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వరుగా పనిచేసి, పైసా పైసా కూడబెట్టి, సుమారు 300 రూపాయలకు ఆ బండినే కొన్నారు. కొన్నది షికారుకు కాదు. ఏ భాగం ఏ పని చేస్తుందో తెలుసుకోవడానికి దాన్ని పూర్తిగా విప్పి, తిరిగి బిగించారు. దారి చూపే కాగితం లేదు, చెప్పే గురువు లేడు. ఒక్క మర తప్పినా కష్టార్జితమంతా ఇనుపముక్కల కుప్ప అయ్యేది. ఆ ధైర్యమే ఆయనను మెకానిక్‌గా నిలబెట్టింది.

1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య రవాణా మొదలుపెట్టారు. క్రమంగా అది యూఎంఎస్ అనే పెద్ద సంస్థ అయింది. 1937లో బాలసుందరం నాయుడుతో కలిసి స్వదేశీ విద్యుత్ మోటారును తయారుచేశారు. గడ్డం గీసే విద్యుత్ రేజరునూ రూపొందించారు. 1945లో ఆయన చొరవతో మొదలైన ఇంజనీరింగ్ కళాశాలే నేటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల. చేతిపనికి ప్రాధాన్యమిస్తూ చదువును తక్కువ కాలంలో ముగించవచ్చని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోకపోవడంతో ఆ బాధ్యత నుంచి తప్పుకున్నారు.

1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును సిద్ధం చేశారు. ధర 2000 రూపాయలు. సామాన్యుడికి కారు అందాలని ఆయన ఆశ. కానీ తయారీకి ప్రభుత్వ అనుమతి రాలేదు.  పనితనం ఒక్కటే ఉంటే చాలదని, నియమాలు, అనుమతులు కూడా ఒక ఆవిష్కరణ భవిష్యత్తును నిర్ణయిస్తాయని ఈ ఘట్టం మనకు చెబుతుంది. అయినా ఆయన కొత్తవి చేయడం మానలేదు. 1974 జనవరి 4న కన్నుమూశారు.

ఆయన నివసించిన కోయంబత్తూరు తరువాతి కాలంలో రేసు కార్లకు పేరు పొందింది. అక్కడి కరివర్ధన్ మారుతి కారు భాగాలతో తక్కువ ఖర్చులో రేసు కార్లు తయారుచేశారు. అక్కడి రేసు ట్రాకుకు ఆయన పేరే పెట్టారు. 2005లో ఫార్ములా వన్ పోటీల్లో పాల్గొన్న తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్‌ది కూడా ఆ ఊరే.

విద్యార్థులారా! మీరు నమూనా కారు అతికించేటప్పుడు తొందరపడకండి. చేతిలోని ప్రతి భాగం అసలు కారులో ఏం చేస్తుందో అడిగి తెలుసుకోండి. ఇంట్లో పాడైన గడియారమో, ఫ్యానో ఉంటే పెద్దల అనుమతితో, కరెంటు తీసేసి, విప్పి చూడండి. విప్పిన వరుసను పుస్తకంలో రాసుకోండి. తిరిగి బిగించడానికి అదే దారి చూపుతుంది.