చిత్తూరు నాగయ్య: గొంతు పెంచకుండానే కంటతడి పెట్టించిన నటుడు.. చివరికి చేతిలో మిగిలిందేంటి?

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్ మూడో స్టేషన్. ఆ కొద్ది నిమిషాల్లోనే ఫోన్‌లో బోలెడు రీల్స్ చూసేస్తాం. ఏడుపు సీన్ అంటే వాటిల్లో చాలావరకు ఒకటే ఫార్ములా.. గట్టిగా అరుపు, ముఖం మీదికి జూమ్, వెనకాల వయొలిన్లు. కానీ 80 ఏళ్ల కిందటే ఒక తెలుగు నటుడు ఈ హడావుడి లేకుండా జనాన్ని కదిలించారు. ఆయనే చిత్తూరు నాగయ్య.

1904లో గుంటూరు జిల్లాలో పుట్టారు. అసలు ఇంటిపేరు ఉప్పలదడియం. చిత్తూరులో నాటకాలతో పేరు రావడంతో ఆ ఊరే ఇంటిపేరైపోయింది. సినిమాల్లోకి రాకముందు చిన్న ఉద్యోగాలు చేశారు, పత్రికలో పనిచేశారు, స్వాతంత్ర్య పోరాటంలోకీ దిగారు. భార్యను పోగొట్టుకున్న దుఃఖంలో కొన్నాళ్లు రమణ మహర్షి ఆశ్రమంలో గడిపారు.

1938లో గృహలక్ష్మితో తెర మీదికొచ్చారు. అప్పటి నటులు ఎక్కువమంది స్టేజీ నుంచి వచ్చినవాళ్లే. మైకులు లేని రోజుల్లో చివరి వరుస దాకా వినపడాలంటే గొంతెత్తక తప్పదు. ఆ అలవాటే సినిమాలోకీ వచ్చింది. నాగయ్య కూడా స్టేజీ మనిషే. కానీ మైకు పక్కనే ఉన్నప్పుడు అరవాల్సిన పనేముంది? ఆయన గొంతు తగ్గించారు. మాటకీ మాటకీ మధ్య కాస్త ఆగారు. బాధ అక్కడే తెలిసేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంగ్లండ్‌లోనూ ఇలాంటి నటన కనిపిస్తుంది. 1945లో డేవిడ్ లీన్ తీసిన బ్రీఫ్ ఎన్‌కౌంటర్‌లో, పెళ్లయిన ఇద్దరు రైల్వే స్టేషన్‌లో చివరిసారి విడిపోతారు. మధ్యలో తెలిసినావిడ ఒకామె వచ్చి కబుర్లు మొదలుపెడుతుంది. ఏమీ చెప్పుకోలేక, అతను ఆమె భుజం మీద చేయి వేసి మెల్లగా నొక్కి వెళ్లిపోతాడు. అంతే. ఏడుపూ లేదు, డైలాగూ లేదు.

అదే 1945లో మన దగ్గర బీఎన్ రెడ్డి స్వర్గసీమ వచ్చింది. భానుమతి పాత్ర మోజులో పడి భార్యను వదిలేసి, చివరికి అన్నీ పోగొట్టుకుని ఇంటికి తిరిగొచ్చే భర్తగా నాగయ్య నటించారు. అదే ఏడాది తమిళ మీరాలో ఎంఎస్ సుబ్బులక్ష్మి పక్కన రాణాగా కనిపించారు. అంతకుముందు 1943లో భక్త పోతన, ఆ తర్వాత 1947లో యోగి వేమన.. రెండూ కేవీ రెడ్డి సినిమాలే. 1946 నాటి త్యాగయ్యకైతే నటన, పాట, సంగీతం, దర్శకత్వం అన్నీ ఆయనవే.

యోగి వేమనలో కథ మలుపు తిరిగేది అన్న కూతురు చనిపోయినప్పుడు. ఇంట్లో చావు చూసిన మనిషికి ఆ సీన్ ఎలా చేయాలో ఎవరూ నేర్పక్కర్లేదు. శ్మశానంలో పాటలోనూ ఆ గొంతు అరుపుగా మారదు.

అప్పట్లో పెద్ద పారితోషికం తీసుకున్న నటుల్లో నాగయ్య ఒకరు. కానీ డబ్బు నిలవలేదు. అడిగినవాళ్లకి లేదనలేదు, ఇంటికొచ్చినవాళ్లని అన్నం పెట్టకుండా పంపలేదు. సొంత సినిమాలకీ చాలా పోయింది. హీరోగా వెలిగిన మనిషి తర్వాత తండ్రి పాత్రల్లోకి, చిన్న చిన్న వేషాల్లోకి వచ్చేశారు. 1961లో తమిళ పావ మన్నిప్పులో శివాజీ గణేశన్‌ను పెంచిన తండ్రి ఆయనే. 1965లో పద్మశ్రీ వచ్చింది. ఇబ్బందులు మాత్రం పోలేదు. 1973 డిసెంబర్ 30న మద్రాసులో కన్నుమూసేనాటికి ఆయన దగ్గర ఆస్తి అంటూ పెద్దగా ఏమీ లేదు.

పాత సినిమా అంటే ఓవర్ యాక్షన్ అని మనలో చాలామంది ఫిక్సైపోయాం. ఈసారి మెట్రోలో కూర్చున్నప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని యోగి వేమన కాసేపు చూడండి. స్పీడ్ మాత్రం పెంచకండి.. ఆయన ఆగిన చోటే అసలు సీన్ ఉంటుంది.