కూలియు, కూలికి మించినదియు: జంషెడ్జీ టాటా

1877 జనవరి 1వ తేదీన విక్టోరియా రాణి భారత చక్రవర్తినిగా ఢిల్లీలో ప్రకటింపబడెను. ఆనాడే నాగపురమున జంషెడ్జీ నస్సర్వాన్‌జీ టాటా తన నూలుమిల్లును తెరచి, దానికి ఎంప్రెస్ మిల్లు అని పేరు పెట్టెను. 1839లో గుజరాతులోని నవసారియందు పార్శీ అర్చకుల వంశమున జన్మించిన ఆయన బొంబాయిని కాదని నాగపురము నెంచుకొనెను. అచ్చట పత్తి చేరువలో పండును. రైలు, నీరు, ఇంధనము సులభముగ లభించును.

లభింపనిది నిలుకడగల కూలీ. పల్లెలనుండి వచ్చినవారు పెండ్లియో జాతరయో తగిలినచో ఇంటిదారి పట్టుచుండిరి. నూటికి ఇరువదిమంది రాని దినములు అరుదు కాదు. అట్టివారికి జుల్మానా వేయుట నాటి మిల్లులలో వాడుక. జంషెడ్జీకి ఆ మార్గము రుచింపలేదు. రోజుకూలి నేటితో చెల్లిపోవును. మనుష్యుడు నిలుచుటకు రేపటిపై నమ్మకము కావలెనని ఆయన గ్రహించెను.

అందుచే కూలికి తోడుగ మరికొన్ని చేర్చెను. మంచి పనివారికి నగదు, గడియారములు బహుమతులుగ నిచ్చెను (మిల్లుకూతకు లేచువానికి గడియారము తగిన బహుమానమే!). 1886లో పింఛను నిధి నెలకొల్పెను. 1895లో పనిలో గాయపడినవారికి పరిహారమిచ్చుట ప్రారంభించెను. మన దేశమున కార్మిక పరిహార శాసనము వచ్చినది 1923లో. భవిష్యనిధి శాసనము 1952లో. మిల్లులో గాలికి తేమనిచ్చు యంత్రములను, నిప్పు నార్పు జల్లుగొట్టములను అమర్చెను. గాలి పొడిబారినచో నూలు తెగును గనుక ఇందు మిల్లు లాభమును లేకపోలేదు.

దీనిని దానధర్మముగ నెంచుట పొరపాటు. ఆయనయే అట్లు తలపలేదు. పనివారి క్షేమము వ్యాపారమునకు పునాది యనియే భావించెను. ఆ మిల్లు స్వర్గమనియు భ్రమింపరాదు. వయోజనులగు పురుషుల పనిగంటలకు శాసనము హద్దు విధించినది 1911లో మాత్రమే. అదియు దినమునకు పండ్రెండు గంటలు. యజమాని దయతలచి యిచ్చిన పింఛనును హక్కుగ నడుగుటకు నాడు చట్టమేదియు లేదు. యజమాని మారినచో గతి యేమి? ఈ ప్రశ్నకు నాటి కూలీయొద్ద సమాధానము లేదు.

1904 మే 19న జర్మనీలో ఆయన మరణించెను. ఆయన కలగన్న ఉక్కు కర్మాగారము కొరకు కంపెనీ 1907లో ఏర్పడెను. జంషెడ్‌పురమునందలి ఆ కర్మాగారమున 1912లో ఎనిమిది గంటల పనిదినమును, 1934లో లాభముపై బోనసును వచ్చినవి.