మూట మోసిన నవలాకారుడు

నవల పుట్టుకను గూర్చి లోకమున ఒక సామాన్యక్రమము కలదు. చదువును, తీరికయు, కొంత ధనమును గలవాడు నవల వ్రాయును. వ్రాసిన పిమ్మట ప్రకాశకుని వెదకును. ప్రకాశకుడు పాఠకులను వెదకును. తెలంగాణమున ఈ క్రమము తలక్రిందులయ్యెను. అచ్చట ఒక మహనీయుడు మొదట పాఠకులను వెదకిరి, పిమ్మట ప్రకాశకులైరి, నలుబదేండ్ల ప్రాయము చేరువైన తరువాతగాని నవలాకర్తలు కాలేదు. ఆయనయే శ్రీ వట్టికోట ఆళ్వారుస్వామిగారు. ఆయన తొలి నవలయగు ప్రజల మనిషి తెలంగాణ ప్రజాజీవితమును సమగ్రముగ చిత్రించిన మొదటి నవలగా నేటికిని గణింపబడుచున్నది.

ఆళ్వారుస్వామిగారు 1915లో నల్లగొండ జిల్లా నకిరేకల్లు సమీపమునగల చెరువుమాదారము గ్రామమున ఒక నిరుపేద వైష్ణవ కుటుంబమున జన్మించిరి. బాల్యముననే పితృవియోగము కలిగెను. ఆదరించువారు లేక, ఒక ఉపాధ్యాయుని యింట వంటచేసిపెట్టుచు అక్షరములు నేర్చుకొనిరి. గురుకులమున శిష్యుడు సమిధలు మోసినట్లు ఈ బాలుడు కట్టెలు మోసెను. భేదమేమనగా, ఇచ్చట శుశ్రూష ముందు, విద్య వెనుక. కొంతకాలము విజయవాడ చేరి, ఒక హోటలులో బల్లలయొద్ద వడ్డించు పని చేసిరి. పగలు పని, రాత్రి చదువు. ఇంగ్లీషును కూడ ఆ రీతిగనే స్వయంకృషిచే అలవరచుకొనిరి. ఏ కళాశాలయు ఆయనకు పట్టమీయలేదు.

అటుపిమ్మట హైదరాబాదు చేరిరి. నాటి నిజాము రాజ్యస్థితి నేటి యువకులకు ఊహకైన అందదు. ప్రజలలో అధికసంఖ్యాకుల మాతృభాష తెలుగు. రాజభాషయు, ఉన్నతవిద్యాభాషయు ఉర్దూ. సభ జరుపవలెనన్న సర్కారువారి అనుమతి కావలెను. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ప్రజల నోళ్లకు బీగము వేసియుండెను. గ్రంథాలయము స్థాపించుటయే రాజకీయముగ భావింపబడు రోజులవి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసి భాషాదీపమును ఆరిపోనీయక కాపాడుచుండెను. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున కవులు లేరన్న అపవాదునకు ప్రత్యుత్తరముగ వారు 354 మంది కవుల రచనలను గోలకొండ కవుల సంచికగా వెలువరించిరి. ఆ గోలకొండ పత్రికా కార్యాలయమున ఆళ్వారుస్వామిగారు అచ్చుచిత్తులు దిద్దు ఉద్యోగమున ప్రవేశించిరి.

అచ్చుచిత్తులు దిద్దువాని పని లోకమునకు కనబడదు. తప్పు మిగిలినయెడల నింద అతనిది. ఒప్పైనయెడల కీర్తి రచయితది. కాని భాష నేర్చుకొనుటకు అంతకు మించిన పాఠశాల లేదు. ఎవరి వాక్యము ఎచ్చట కుంటుచున్నదో, ఏ మాట అనవసరమో, ఏ విషయమునకు పాఠకుడు ఆగునో ఆ పనిలో తెలియును. అంతకన్న ముఖ్యమైన మరియొక సత్యము కూడ ఆయనకు అచ్చటనే తెలిసియుండవలెను. గ్రంథము అచ్చగుట సగము పని మాత్రమే. అది పల్లెకు చేరవలెను. తెలంగాణమున కవులున్నారని సంచిక నిరూపించెను. పాఠకులున్నారని నిరూపింపవలసియుండెను.

1938లో దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దివంగతులైరి. ఆ సంవత్సరముననే ఆళ్వారుస్వామిగారు సికిందరాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. పంతులుగారు అమృతాంజనమువలన ఆర్జించిన ధనమును పత్రికలకును గ్రంథములకును వెచ్చించినవారు. వారి బిరుదమును వహించిన ఈ గ్రంథమాలకు మూలధనము మాత్రము స్థాపకుని రెండు కాళ్లును, ఒక భుజమును. పుస్తకముల మూటను తానే మోసికొని ఊరూరు తిరిగి, సభలయొద్దను ఇండ్లయొద్దను విక్రయించిరి. సర్కారు బడిలో తెలుగు చదువ నోచుకొననివానికిని, పటేలు పట్వారీల కన్నుగప్పి చదువవలసినవానికిని ఆ మూటలోని పుస్తకమే బడియయ్యెను. ఈ విధముగ ముప్పదికి పైగా గ్రంథములు ఆ మాలలో వెలువడెను. ఇతరుల రచనలను మోయుచు తిరిగిన ఆ సంవత్సరములే ఆయన నవలకు అసలైన వ్రాతప్రతి యని మేము భావించుచున్నాము. ఏ గ్రామమున ఏ దొర గడి ఎంత ఎత్తో, వెట్టికి పోయినవాడు ఏ వేళకు ఇల్లు చేరునో, నాగు పేరిట తెచ్చిన ధాన్యము ఎట్లు పెరిగి పొలమును మ్రింగునో, ఆయన పుస్తకములలో చదివి తెలిసికొనలేదు.

ఆంధ్ర మహాసభలో ఆయన కార్యకర్త. 1944లో భువనగిరి మహాసభ పిమ్మట సభ చీలినపుడు ఆయన వామపక్షమున నిలిచిరి. 1946 మొదలు 1951 వరకు ఎక్కువకాలము చెరసాలలలోనే గడచెను. నిజాము ప్రభుత్వము పోయినను ఆయన సంకెల వెంటనే ఊడలేదన్న సంగతి స్మరింపదగినది. నిజామాబాదు జైలులో కవి దాశరథిగారు ఆయనకు సహవాసి. కాగితమును కలమును లభింపని ఆ చోట దాశరథిగారు బొగ్గుతో గోడలపై పద్యములు వ్రాసిరి. 1949లో వెలువడిన తమ అగ్నిధారను ఆళ్వారుస్వామిగారికే అంకితమిచ్చిరి. రాజులకు కృతులిచ్చిన భాషలో పుస్తకములమ్ముకొను ఒక ఖైదీ కృతిభర్తయగుట చిన్న విశేషము కాదు. ఆళ్వారుస్వామిగారు చెరలో తమ చుట్టునున్న దొంగలను, హంతకులను, అభాగ్యులను మనుష్యులుగ చూచి, జైలు లోపల అను కథలను వ్రాసిరి.

చెర వీడిన పిదప కొన్నియేండ్లకు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము 1956లో అవతరించుటకు పూర్వమే, ప్రజల మనిషి వెలువడెను. సాయుధపోరాటము ముగిసి ఎంతోకాలము కాలేదు. ఆ పోరాటమునే వర్ణించినయెడల పాఠకుల కుతూహలము సులభముగ లభించెడిది. ఆయన అట్లు చేయక, అంతకు ముందటి కాలమును, 1940కి పూర్వపు పల్లెను గ్రహించిరి. తుపాకి ఎట్లు ప్రేలెనో చెప్పలేదు. మనిషి ఎట్లు నిలువబడ నేర్చెనో చెప్పిరి. దిమ్మెగూడెమను గ్రామము, రామభూపాలరావను దొర, అతని దౌర్జన్యమునకు లోనైన ఒక వైష్ణవ కుటుంబము, ఆ కుటుంబమున పుట్టి ప్రజలపక్షమున నిలిచిన కంఠీరవుడు: ఇది కథాశరీరము. వెట్టి, భూమి అపహరణము, మతాంతరీకరణము, దానికి ప్రతిగా సాగిన శుద్ధి, గ్రంథాలయము, ఆంధ్ర మహాసభ, ఇవన్నియు అందు కలవు. పల్లెవాసులు తమ నుడికారముననే మాటలాడుదురు.

ఈ నవల నిర్దోషమని మేమనము. నాయకుడు కొన్నిచోట్ల సద్గుణరాశియై మానవసహజమగు దౌర్బల్యమునకు దూరమగును. కొన్ని సంభాషణలలో ఉపన్యాసవేదిక నీడ కానవచ్చును. కాని అంతవరకు రికార్డులలో పన్నుచెల్లించు పేరుగా మాత్రమే యున్న మనుష్యుని నవలలోనికి తెచ్చి కూర్చుండబెట్టిన తొలి ప్రయత్నమునకు ఈ లోపములు మచ్చలేగాని గాయములు కావు. తరువాతి కాలపు కథను గంగు అను రెండవ నవలలో చెప్పబూనిరి. అది పూర్తికాకమునుపే, 1961 ఫిబ్రవరి 5వ తేదీన, నలుబదియైదేండ్ల ప్రాయమున కన్నుమూసిరి. అసంపూర్ణముగనే గంగు 1965లో అచ్చయ్యెను.

జైలుగోడపై కవిత్వమునకు సాధనమైన ఆ బొగ్గు పేరు వినగానే నేడు మనకు స్ఫురించునది గోదావరీతీరమునగల గోదావరిఖని. ఆళ్వారుస్వామిగారి నిర్యాణముతరువాతి దశాబ్దములలో పల్లెలు విడిచిన రైతుకూలీలు వేలకొలదిగ ఆ గనులలో దిగిరి. వారిలో ఎందరో ఏ దొర గడికి వెట్టిచేసినవారి బిడ్డలో, ఆ దొరల కథయే ప్రజల మనిషి. సింగరేణి నేలనుండి కథకులును నవలాకారులును పుట్టిరి, ఇంకను పుట్టుచున్నారు. మూడు షిఫ్టుల నడుమ నిద్రనుండి దొంగిలించిన గంటలలో తొలి నవల వ్రాయు కార్మికుడు నేడును కలడు. కంపోజింగు సులభమైనది, అచ్చు సులభమైనది. కాని అప్పుచేసి అచ్చువేయించిన ఐదువందల ప్రతులు అతని మంచము క్రిందనే యుండుట సులభముగ తీరు సమస్య కాలేదు. వ్రాయువారికి కొరత లేదు; మూట మోయువారికి కొరత.

ఆ మూట మోయుటకు చట్టము ఒక భుజమును ఏర్పరచియున్నది. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల వంతున ప్రతి గృహస్థుడును గ్రంథాలయ పన్ను చెల్లించుచున్నాడు. ఆ సొమ్ము గ్రంథాలయమునకు చేరినదా? చేరిన దానిలో పుస్తకములకు ఎంత వెచ్చింపబడినది? మన యూరి రచయిత గ్రంథము మన యూరి గ్రంథాలయమున కలదా? ఈ మూడు ప్రశ్నలను తమ పురపాలక సంఘమును అడుగుట పాఠకుల హక్కు మాత్రమే గాక, ధర్మము కూడ. ఆళ్వారుస్వామిగారికి విగ్రహములు నిలుపువారు నిలుపుదురుగాక. ఒక గని కార్మికుని తొలి నవలను పది ఇండ్లకు చేర్చినవాడు ఆయన మూటను తన భుజమున కెత్తుకొన్నవాడగును.