గురు గోవింద్ సింగ్

బాసర వైపు సాగే గోదావరి తీరాన, మహారాష్ట్రలోని నాందేడు పట్టణంలో, సిక్కుల పుణ్యక్షేత్రమొకటి ఉంది. దాని పేరు తఖ్త్ సచ్‌ఖండ్ శ్రీ హజూర్ సాహిబ్. పంజాబుకు ఎంతో దూరాన ఉన్న ఈ ఊరికి అంతటి మహిమ రావడానికి కారణం సిక్కుల పదవ గురువు గోవింద్ సింగ్.

ఆయన 1666లో పాట్నాలో జన్మించారు. తొమ్మిదేండ్లయినా నిండకముందే, 1675లో, తండ్రి గురు తేగ్ బహదూర్‌ను మొగలు పాలకులు ఢిల్లీలో చంపించారు. బాలుడే గురుపీఠమెక్కారు. 1699లో వైశాఖి పండుగనాడు ఆనంద్‌పూర్‌లో ఖాల్సాను స్థాపించారు.

కష్టాలన్నీ ఒక్క చలికాలంలో వచ్చిపడ్డాయి. మొగలు సేనలు, కొండరాజులు కలిసి ఆనంద్‌పూర్‌ను నెలల తరబడి ముట్టడించారు. కోటలో తిండి కరవైంది. క్షేమంగా వెళ్ళనిస్తామని ప్రమాణం చేసినవారే, ఆయన కోట విడవగానే వెంటపడ్డారు. చమ్‌కౌర్ పోరులో పెద్ద కుమారులు అజిత్ సింగ్, జుఝార్ సింగ్ నేలకొరిగారు. పదేండ్లయినా నిండని జోరావర్ సింగ్, ఫతే సింగ్‌లను సర్హింద్ నవాబు వజీర్ ఖాన్ చంపించాడు. తల్లి గుజరీదేవి కూడా అక్కడే ప్రాణాలు విడిచారు.

మాఛీవాడా అడవిలో ఒంటరిగా తిరిగిన ఆ రోజులలోనే గురువు ఒక గీతం చెప్పారని సిక్కులు విశ్వసిస్తారు. దేవుణ్ణి మిత్రునిగా భావించి తన దుఃస్థితిని విన్నవించుకొన్న పాట అది. విజయం ప్రసాదించమని గాని, శత్రువును శిక్షించమని గాని అందులో అడగలేదు. దైవసన్నిధి లేని మేడకంటె అది ఉన్న గడ్డిపరుపే మేలని దాని భావం.

భక్తి ఆయనకు బిడ్డలను తిరిగి ఇవ్వలేదు. దుఃఖాన్ని మరపించిందనీ చెప్పలేము. అయితే చేయవలసిన పని మాత్రం ఆగలేదు. ఔరంగజేబుకు పారశీక భాషలో ఒక లేఖ రాశారు. దానిని జఫర్‌నామా అంటారు. విజయలేఖ అని అర్థం. సర్వస్వం కోల్పోయినవాని లేఖకు ఎంత విచిత్రమైన పేరు! ప్రమాణం తప్పినందుకు చక్రవర్తిని అందులో నిలదీశారు. నలుగురు కుమారులు పోయినా ఖాల్సా మిగిలే ఉందని తెలియజేశారు.

1707లో ఔరంగజేబు మరణించాడు. మరుసటి సంవత్సరం గురువు దక్షిణాదికి వచ్చి నాందేడులో విడిది చేశారు. గోదావరి ఒడ్డున ఆశ్రమం కట్టుకొని ఉన్న మాధవదాసు అనే బైరాగి ఆయనకు శిష్యుడై, బందా సింగ్ బహదూర్‌గా పంజాబుకు మరలాడు.

నాందేడులోనే ఒక పఠాను గురువును కత్తితో పొడిచాడు. గాయానికి కుట్లు వేశారు. కొద్ది రోజులకు, బలమైన వింటిని ఎక్కుపెడుతుండగా, ఆ కుట్లు తెగిపోయాయని చెబుతారు. శిష్యులకు దిక్కుతోచలేదు. వారసుడనడానికి ఒక్క కొడుకైనా లేడు. గురువు మరొక మనిషిని నియమించలేదు. ఇకపై గ్రంథ్ సాహిబే గురువని ప్రకటించి, దాని ఎదుట తలవంచారు. 1708 అక్టోబరు 7న తుదిశ్వాస విడిచారు.

తరువాతి కాలంలో మహారాజా రంజిత్ సింగ్ 1832-1837 మధ్య అక్కడ గురుద్వారా కట్టించారు. గురువు ఆయుధాలను నేటికీ అందులో భద్రపరచి ఉంచారు.