ఊపిరికి కావలివాడు

ఆదికాండము రెండవ అధ్యాయములో దేవుడు ఆదామును గాఢముగా నిద్రపుచ్చి, ఆ తరువాతనే అతని ప్రక్కటెముక నొకదానిని తీసినట్లు చదువుచున్నాము. పెండ్లి ప్రసంగములలో ఈ భాగమును ఎన్నోమారులు విని యుందుము గాని, దానిలో ఆసుపత్రికి సంబంధించిన సంగతి యున్నదని తలంచి యుండము.

1847వ సంవత్సరములో ఎడింబరో పట్టణపు వైద్యుడు జేమ్సు సింప్సన్ ప్రసవవేదన పడు స్త్రీలకు క్లోరోఫారము పీల్పించి నొప్పి తెలియకుండ చేసెను. దేవుడు విధించిన వేదనను మనుష్యుడు తీసివేయవచ్చునా యని కొందరు ఆక్షేపింపగా, ఆయన ఆదాము నిద్రను చూపి వారికి బదులు చెప్పెను. అయితే దేవుడు నిద్రపుచ్చిన ఆదాము మేల్కొనెను. మనుష్యులు నిద్రపుచ్చినవారందరు మేల్కొనలేదు. 1848 జనవరి 28న ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల పిల్ల, కాలిగోరు తీయించుకొనుటకు క్లోరోఫారము పీల్చి కొద్ది నిమిషములలోనే చనిపోయెను.

ఆ దినమునుండి వైద్యులలో ఒక వివాదము పుట్టెను. మందు మొదట గుండెను ఆపునా, ఊపిరిని ఆపునా? లండనులో జాన్ స్నో మొదలగువారు గుండె భయమును ఎక్కువగా చెప్పిరి. ఎడింబరోలో శస్త్రవైద్యుడైన జేమ్సు సైమ్ మాత్రము, నాడిని విడిచి ఊపిరినే చూడవలెనని తన శిష్యులకు నేర్పెను. వినుటకు ఇది పండితుల తగవువలె నున్నది. కాని రోగి తలయొద్ద నిలిచినవాడు తన కన్ను దేనిపై నుంచవలెనో తెలియకుండినయెడల రోగి గతి యేమి?

సైమ్ శిష్యులలో నొకడు ఎడ్వర్డు లారీ. ఆయన 1846లో పుట్టి, ఎడింబరోలో చదివి, ఇండియాలోని ప్రభుత్వ వైద్యశాఖలో చేరి, లాహోరులో శస్త్రవైద్యము బోధించి, 1885లో హైదరాబాదునకు రెసిడెన్సీ వైద్యుడుగా వచ్చెను. నైజాము వైద్య పాఠశాలయు ఆయన చేతి క్రిందికి వచ్చెను.

ఆ పాఠశాలను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. అది 1846లో, నాలుగవ నైజాము నాసిరుద్దౌలా కాలమున స్థాపింపబడినది. మెక్లీన్ అను రెసిడెన్సీ వైద్యుడు నైజామునకు మందులతో గాక ఆహార నియమములతోనే స్వస్థత కలిగించెననియు, అందుకు సంతోషించి ప్రభువు పాఠశాలకు సెలవిచ్చెననియు చెప్పుదురు. అక్కడ వైద్యము ఉర్దూలో బోధించిరి. మెక్లీన్ తరువాత వచ్చిన డాక్టర్ జార్జి స్మిత్ ఉర్దూలో ఒక వైద్యపత్రికను కూడ నడిపెను. చదివి బయటికి పోయిన హకీములు జిల్లాలలో ఒంటరిగా పనిచేయుచుండగా, క్రొత్త సంగతి వారి చేతికి వారి భాషలో చేరవలెనని ఆయన ఉద్దేశము. ఇట్టి పత్రిక ఎంత మేలు చేయునో, దూరపు పల్లెలో నున్నవారికి మేము వేరుగ చెప్పనక్కరలేదు. లారీ కాలములో బోధన ఇంగ్లీషునకు మారెను. దానివలన వచ్చిన లాభమును కలదు, నష్టమును కలదు. ఇంగ్లీషు రాని బీదబిడ్డకు తలుపు ఇరుకాయెనని మా అభిప్రాయము.

మూసీనది యొడ్డున, పురానాపూల్ దగ్గర ధూల్‌పేట యున్నది. అక్కడినుండి నది వెంబడి దిగువకు నడచినవారు అఫ్జల్‌గంజ్ చేరుదురు. అయిదవ నైజాము కట్టించిన ఆసుపత్రి అక్కడనే యుండెను. కుళ్లిన కాలు, పొడిచిన గాయము, మూత్రపురాయి, అడ్డము తిరిగిన శిశువు, ఇట్టి బాధలన్నిటికి పాతబస్తీ ప్రజలు ఆ గుమ్మమునే ఎక్కిరి. లారీ తన విద్యార్థులను ఆ మంచములయొద్దనే తయారు చేసెను.

ఆయన నేర్పిన పద్ధతి ఇది. కత్తి పట్టినవాడు కోతనే చూడవలెను. క్లోరోఫారము ఇచ్చువాడు ఊపిరినే చూడవలెను. కోత ఎట్లు జరుగుచున్నదో చూడ తల త్రిప్పరాదు. రోగి వెల్లకిల పరుండవలెను. మెడయొద్దను రొమ్ముమీదను నడుమునను బట్టలు వదులు చేయవలెను. రొమ్ము ఎగసిపడుట కంటికి కనబడవలెను. మందు గాలితో కలిసి పోవలెను గాని ముక్కు, నోరు బిగించి మూయరాదు. రోగి పెనుగులాడి ఊపిరి బిగపట్టినయెడల గుడ్డ తీయవలెను, ఏలయనగా బిగపట్టిన తరువాత పీల్చు దీర్ఘశ్వాసలోనే మితిమీరిన మందు లోనికి పోవును. దవడను ముందుకు లాగి గొంతు తెరచి యుంచవలెను. ఊపిరి ఆగువరకు కాచుకొనక, అది తప్పు నడక నడచినప్పుడే సరిచేయవలెను. ఒకవేళ ఆగినయెడల నాలుకను ముందుకు లాగి వెంటనే కృత్రిమశ్వాస ఆడింపవలెను. గొప్ప యంత్రమేదియు లేదు. చెవి, కన్ను, ఓపిక చాలును. అందువలననే దీనిని విద్యార్థికి నేర్పవచ్చును, ఆ విద్యార్థి మరియొకనికి నేర్పవచ్చును. అఫ్జల్‌గంజ్‌లో చాలమారులు మందు ఇచ్చినవారు దొరలు కారు, ఆ పాఠశాల విద్యార్థులే.

రెఫీదీములో యెహోషువ యుద్ధము చేయుచుండగా కొండమీద మోషే చేతులు బరువెక్కెను. అహరోను ఒక ప్రక్కను, హూరు ఒక ప్రక్కను వాటిని ఎత్తిపట్టి సూర్యుడు అస్తమించువరకు నిలిచిరి. ఆ ఇద్దరు కత్తి దూయలేదు. మన సంఘములలో ఎవరికైన ఆపరేషను జరిగినప్పుడు ఇంటివారు కోసిన డాక్టరుగారి పేరు అడిగి తెలిసికొందురు, ఆయన చేతుల కొరకు ప్రార్థింతురు. తలయొద్ద కూర్చుండి ఊపిరి లెక్కపెట్టినవారి పేరు అడిగినవారిని మేము ఒక్కరినైన చూడలేదు.

లారీ చేసిన మరియొక మేలు స్త్రీలను ఆ పాఠశాలలో చేర్చుకొనుట. ఆ నగరములో ఘోషా స్త్రీ పురుష వైద్యుని యెదుటికి వచ్చుటకంటె చచ్చుటకు సిద్ధపడు దినములవి. 1885లో చేరినవారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ అను పారసీ యువతి యొకతె. ఆమె హకీము పట్టము పొంది, క్లోరోఫారము ఇచ్చుటనే తన ముఖ్యమైన పనిగా ఎన్నుకొనెను. లోకములో మత్తుమందు వైద్యమే వృత్తిగా చేపట్టిన మొదటి స్త్రీలలో నొకతెగా ఈనాడు ఆమెను గౌరవించుచున్నారు.

తన పద్ధతి తన ఆసుపత్రిలోనే ఉండిపోవుట లారీకి ఇష్టము లేదు. ఆరవ నైజాము మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన సహాయముతో 1888లో ఒక విచారణ సంఘము ఏర్పడి, కుక్కలమీద పరీక్షలు చేసి, ఊపిరియే మొదట ఆగునని తేల్చెను. లండనులోని లాన్సెట్ పత్రిక దానిని నమ్మలేదు. అప్పుడు నైజాము వేయి పౌనులు ఇచ్చి, మీరే ఒక పండితుని పంపి చూచుకొనుడని కబురు పంపించెను. 1889లో లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు వచ్చెను. గుండెయే ఆగునను తలంపుతో వచ్చినవాడు, నాలుగువందలకు పైగా జంతువులమీద పరీక్షలు జరిగిన పిమ్మట లారీ పక్షమునకు తిరిగెను. ఆ రెండవ సంఘములో బ్రంటన్‌తో సమానముగా హైదరాబాదు వైద్యుడు రుస్తుంజీయు కూర్చుండెను. నివేదిక 1890లో లాన్సెట్‌లో అచ్చుపడి, మూసీ యొడ్డున జరిగిన పని దేశదేశముల వైద్యులు చదువునట్టిదాయెను. అన్ని మూగజీవులు చచ్చుట మా మనస్సునకు కష్టముగానే యున్నది. దానిని దాచి ఈ చరిత్ర చెప్పలేము.

లారీ గెలిచెనా? సగము గెలిచెను. 1893లో కేంబ్రిడ్జి పండితులు గాస్కెల్, షోర్ అనువారు క్లోరోఫారము గుండెనే నేరుగ బలహీనపరచునని చూపిరి. లారీ ఒప్పుకొనలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అసలు సంగతి బయటపెట్టెను. మత్తు పూర్తిగా పట్టక తేలికగా నున్నప్పుడు, భయమువలన గాని బాధవలన గాని గుండె ఉద్రేకించినయెడల, అది కొట్టుకొనుట మాని ఊరక వణకి, ఆ క్షణమందే మనుష్యుడు చనిపోవచ్చును. అట్టివాని ఊపిరిని ఎంత శ్రద్ధగా చూచుచున్నను ముందుగా హెచ్చరిక దొరకదు. క్లోరోఫారము గుండెకు హాని చేయదని లారీ గట్టిగా పలికిన మాట తప్పు. మలేరియా క్రిమి విషయములోను ఆయన ఇట్లే మొండిపట్టు పట్టెను. ఆయన కాదనుచుండగానే 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ ఆ క్రిమిని దోమ కడుపులో చూచెను. తన చేతిలో రోగులు బ్రదికిరి గనుక తన సిద్ధాంతము కూడ సత్యమేయని ఆయన అనుకొనెను. రోగులు బ్రదికినది సిద్ధాంతమువలన కాదు, ఒక మనుష్యుడు మరి యే పనియు పెట్టుకొనక తలయొద్ద నిలిచి కనిపెట్టుటవలననని మాకు తోచుచున్నది.

క్లోరోఫారము ఇప్పుడు ఆపరేషను గదులలో లేదు. ఈనాటి మత్తు వైద్యుడు ఊపిరితోపాటు నాడిని, రక్తపోటును, రక్తములోని ప్రాణవాయువును కూడ యంత్రములమీద చూచుచుండును. గుండె వైపునకు కన్ను మూసికొనుమని ఇప్పుడెవరును చెప్పరు. అయినను మందు ఇచ్చువాడు రోగిని విడిచి పోరాదనునది నేటికిని మొదటి నియమము.

లారీ 1901లో హైదరాబాదు విడిచెను, 1915లో చనిపోయెను. ఆయన పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో కొట్టుకొనిపోయెను. ఆ ఆవరణములోని చింతచెట్టు కొమ్మలు పట్టుకొని సుమారు నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. తరువాత అక్కడనే ఉస్మానియా ఆసుపత్రి లేచెను. వరద వచ్చిన మరుసటి యేడు, 1909లో, రూపాబాయి ఎడింబరోనకు ఓడ ఎక్కెను. అప్పటికి ఇరువది యేండ్లుగా మత్తుమందు ఇచ్చుచున్న ఆమె, ఆ మందుల గుణములు ఇంకను బాగుగా తెలియవలెనని అక్కడ రసాయన, భౌతిక శాస్త్రముల తరగతులలో చేరి, చదువు ముగించుకొని మరల హైదరాబాదు రోగుల తలయొద్దకు వచ్చెను.