షార్ల్ మొషే - వాలు సైకిలు కథ



ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాయమని సంపాదకవర్గంవారు కోరగా, నేను దేశనాయకులనూ కవులనూ వదిలి ఒక సైకిళ్ల తయారీదారును ఎంచుకున్నాను. కారణం ఉన్నది. మనలో చాలామందిమి ముప్ఫై ఏళ్లు సైకిలు మీద ఆఫీసుకు పోయివచ్చినవాళ్లమే. సైకిలు అడ్వాన్సు తీసుకుని, జీతంలోంచి నెలనెలా కోత పడుతుంటే లెక్కపెట్టుకున్నవాళ్లమే. ఇప్పుడు నడుము నొప్పి, మోకాళ్ల నొప్పులు, తూలిపడతామేమోనన్న భయం. సైకిలు వసారాలో గోడకు చేరింది.

కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపి తొక్కే సైకిళ్లున్నాయి. రికంబెంట్ అంటారు. సైకిళ్ల చరిత్ర చదివినవారందరికీ వాటితోపాటు తెలిసిన పేరు షార్ల్ మొషే.

ఆయన 1880లో పుట్టిన ఫ్రెంచివాడు. పారిస్ పక్కనున్న ప్యుటోలో తేలికపాటి చిన్నకార్లు తయారుచేసేవాడు. కొడుకు జార్జ్ సైకిలు కావాలని అడిగాడు. రెండు చక్రాల బండి ప్రమాదమని తల్లి ఒప్పుకోలేదు. అందుకని మొషే నాలుగు చక్రాలతో, పెడల్ తొక్కితే నడిచే చిన్న బండి చేసి ఇచ్చాడు. ఆ పిల్లవాడు దాని మీద సైకిళ్లను దాటిపోతుంటే తండ్రికి ఆలోచన వచ్చింది. అదే పద్ధతిలో పెద్దవాళ్లకు, ఇద్దరు పక్కపక్కన కూర్చుని తొక్కే బండి చేశాడు. దాని పేరు వెలోకార్. మొదటి ప్రపంచయుద్ధం తర్వాతి రోజులవి. సొంత కారు కొనే స్తోమతు లేని కుటుంబాలకు అది నచ్చింది. పెట్రోలు ఖర్చు లేదు, సామాను పెట్టుకోవడానికి చోటున్నది.

అయితే నాలుగు చక్రాల బండి మలుపుల్లో వేగంగా పోతే ఒరిగేది. అప్పుడు మొషే వెలోకార్‌ను నిలువునా సగానికి కోసినట్టుగా ఊహించి, రెండు చక్రాల మీద నిలిపాడు. చక్రాలు చిన్నవి, సీటుకు వీపు ఆనుకునే చోటున్నది, పెడళ్లు ముందువైపు ఉన్నాయి. వాలి తొక్కే సైకిళ్లు పందొమ్మిదో శతాబ్దం చివరనే ఒకరిద్దరు చేసి చూశారు గాని, పందెంలో నిలబెట్టి గెలిపించినవాడు మొషేయే.

దాని గుట్టు ఇది. చదునైన రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు మన బలంలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే ఖర్చవుతుంది. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. నిటారుగా కూర్చున్న మనిషి గాలికి గోడలా నిలుస్తాడు. వాలి కూర్చుంటే ఆ గోడ చిన్నదవుతుంది. పైగా బరువంతా వీపు, పిరుదుల మీద పరుచుకోవడంవల్ల మణికట్లకూ మెడకూ శ్రమ తగ్గుతుంది. లోపాలూ లేకపోలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కడానికి వీలుండదు. మొదట్లో తూకం కుదరడానికి అలవాటు కావాలి. బండి కిందుగా ఉంటుంది గనుక రద్దీలో పెద్దబండ్ల వాళ్లకు కనబడదు.

సైకిలు పందాల్లో గంట రికార్డుకు గొప్ప గౌరవం. ఎవరి వెనకా దాగకుండా, ఒంటరిగా, గంటలో ఎంత దూరం తొక్కితే అంత. 1914లో స్విట్జర్లాండ్‌కు చెందిన ఆస్కార్ ఎగ్ 44.247 కిలోమీటర్లు తొక్కాడు. పందొమ్మిదేళ్లు దానిని ఎవరూ దాటలేదు. మొషే మన గుమాస్తాలు మెచ్చుకునే పని చేశాడు. ముందుగా అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్యవారికి రాసి, తన బండికి నిబంధనల ప్రకారం అభ్యంతరం లేదన్న జవాబు తెప్పించుకున్నాడు. గాలిని చీల్చే తొడుగులను సమాఖ్య 1914లోనే నిషేధించింది. ఈ బండికి తొడుగేమీ లేదు.

తొక్కడానికి పేరున్న పందెగాడు హెన్రీ లెమ్వాన్‌ను అడిగితే అతను ముందుకు రాలేదు. అప్పుడు రెండో తరగతి పందెగాడైన ఫ్రాన్సిస్ ఫోర్ ఒప్పుకున్నాడు. తోటివాళ్లు నవ్వారు. 1933 జూలై 7న పారిస్‌లోని ఒక పందెపు మైదానంలో ఫోర్ గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కి నవ్వినవాళ్ల నోళ్లు మూయించాడు.

చిక్కు అక్కడే వచ్చింది. అదే ఆగస్టు 29న మోరిస్ రిషార్ బెల్జియంలో మామూలు సైకిలు మీద 44.777 తొక్కాడు. ఎగ్ రికార్డును ఇద్దరూ దాటారు. ఎవరి పేరు రాయాలి? 1934 ఫిబ్రవరిలో సమాఖ్యవారు సమావేశమై వాదించుకున్నారు. అది సైకిలే కాదని కొందరు, సైకిళ్లకు ముందు కాలం అదేనని మరికొందరు. చివరకు పందెపు సైకిలు అంటే ఏమిటో కొత్తగా నిర్వచించారు. పెడల్ ఇరుసు ఎంత ఎత్తున ఉండాలో, సీటు దానికి ఎంత వెనక ఉండవచ్చునో కొలతలు పెట్టారు. ఆ కొలతల్లో మొషే బండి ఇమడలేదు. మన ఆర్థిక సంవత్సరం మొదలయ్యే ఏప్రిల్ 1వ తేదీ నుంచే అది అమలులోకి వచ్చింది. ఫోర్ రికార్డును వేరే పద్దులో రాశారు. మొషే అదే ఏడాది చనిపోయాడు.

ఈ ఘట్టం చదివి నేను ఆ రాత్రి నిద్రపోలేదు. మా సెక్షనులో ఒక అటెండరు ఉండేవాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. చేతులతో తిప్పుకునే మూడు చక్రాల బండి కొనుక్కుంటానని సైకిలు అడ్వాన్సుకు దరఖాస్తు పెట్టాడు. ఫైలు నా సీటుకు వచ్చింది. నిబంధనలో సైకిలు అని మాత్రమే ఉన్నదనీ, ఇది ఆ నిర్వచనం కిందకు రాదనీ, దరఖాస్తు తిప్పి పంపవచ్చుననీ నోటు రాశాను. పైవారు సంతకం చేశారు. స్పష్టత కోరుతూ పైకి రాసి ఉండవచ్చు. నాకు తోచలేదు అనను, తోచినా రాయలేదు. అతను రిటైరయ్యేవరకు కర్ర ఊతంతో నడిచే వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. రోజూ ఉదయం నా బల్ల మీద ఫైళ్లు సర్ది నమస్కారం పెట్టేవాడు.

మొషే పని ఆయనతో పోలేదు. కొడుకు జార్జ్ కొనసాగించాడు. 1939లో తొడుగు వేసిన బండి మీద ఫోర్ గంటలో 50 కిలోమీటర్లు దాటాడు. తొడుగు లేని మామూలు సైకిలు మీద ఆ గీత దాటడానికి ఫ్రాన్సెస్కో మోజర్ 1984లో రావలసి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధకాలంలో పెట్రోలు దొరకని ఫ్రాన్సులో వెలోకార్లకు గిరాకీ పెరిగింది. 1976లో ఇలాంటి బండ్ల కోసమే అమెరికాలో వేరే సంఘం ఏర్పడింది. నేడు ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి ఉండే మూడు చక్రాల వాలు సైకిళ్లు దొరుకుతున్నాయి. తూకం తప్పుతుందన్న భయం లేదు గనుక విదేశాల్లో మన వయసువాళ్లు కూడా తొక్కుతున్నారు. మన దగ్గర వాటి ధర పెన్షనుకు అందేది కాదు. అయినా డాక్టరును సంప్రదించి, రద్దీ లేని చోట ఒకసారి తొక్కి చూసే అవకాశం వస్తే వదులుకోకండి.

మనం కలాలు మూసి చాలా కాలమయింది. కాని మన పిల్లలు, మనవలు ఇంకా ఆఫీసు సీట్లలో ఉన్నారు. నిర్వచనంలో ఇమడని కాగితం ఎదురైతే, తిప్పి పంపే ముందు దాని వెనకనున్న మనిషిని ఒకసారి పిలిచి మాట్లాడమని వాళ్లకు చెప్పండి. నేను ఆ పని చేయలేదు గనుకనే ఇది రాశాను.